ఎర్ర బటన్ ఒత్తొచ్చా, మేడం?

బస్తర్ బళ్లలో టీచరుగా ముప్పై నాలుగేళ్లు పని చేసి, రిటైరై దిగిపోయాను. ఈమధ్య భోపాల్‌పట్నం వైపు కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు రాసి పెట్టండి మేడం, మాకు పనికొస్తాయి అన్నారు. ఏం రాయను? ఏ ఊరికి ఎప్పుడు బదిలీ అయిందో నాకే వరసగా గుర్తు లేదు. దిగిపోయే రోజు కప్పిన శాలువా ఏ పెట్టెలో ఉందో కూడా తెలియదు. గుర్తున్నవి పిల్లల మొహాలు, నేను చేసిన కొన్ని తప్పులు. అందులో ఒక తప్పయితే తిన్నా పడుకున్నా వదలదు. దాని గురించే రాస్తున్నాను. అది ఒక్కరోజులో చేసింది కాదు కాబట్టి కాస్త వెనక నుంచి మొదలుపెట్టాలి.

మాది రైల్వే కుటుంబం. నాన్న శ్రీకాకుళం వైపు పల్లె నుంచి కిరండూల్ లైన్‌లో గ్యాంగ్‌మన్‌గా వచ్చారు. నేను రైల్వే క్వార్టర్లో పుట్టి, ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో హల్బీ మాట్లాడుతూ పెరిగాను. ఉద్యోగం మద్దేడ్ వైపు వచ్చింది. అక్కడా తెలుగు వాళ్లున్నారు కదా, హాయిగా ఉంటుందనుకున్నాను. మొదటి రోజు బస్సు దిగి ఒక ముసలమ్మను "బడికి దారేటమ్మా?" అని అడిగాను. మా శ్రీకాకుళం ఏటి ఆమెకి ఏరుగా వినపడి, "ఏటికా? గిటు పో బిడ్డా" అని నన్ను వాగు దగ్గరికి పంపింది. చీర కుచ్చిళ్లు తడుపుకుని వెనక్కి వచ్చాను. ఈ కథ చెప్పి చాలాసార్లు నవ్వించాను. అందులో నాకు ఒక హెచ్చరిక ఉందని మాత్రం అప్పుడు తట్టలేదు.

బడేగురూజీ పద్ధతి

మా వైపు హెడ్మాస్టర్ని బడేగురూజీ అంటారు. నా మొదటి బడేగురూజీ మంచి మనిషి. వానాకాలం వాగు పొంగితే చెప్పులు చేత్తో పట్టుకుని దాటి వచ్చేవాడు. పిల్లలు తినకుండా తాను తినేవాడు కాదు. చేరిన వారంలోనే ఆయన నాకొక పద్ధతి నేర్పాడు. పాఠం అవగానే గట్టిగా "సమఝ్ గయే?" అని అడగాలి. అర్థమైందా అని. పిల్లలు అంతకంటే గట్టిగా "సమఝ్ గయే, మేడమ్!" అనాలి. రోడ్డు మీద పోయే ఇన్‌స్పెక్టర్‌కి ఆ కేక వినపడితే ఇక జీపు ఆపడు, నీకు ఏ బాధా ఉండదు అన్నాడు. నిజమే, చాలాసార్లు జీపు ఆగలేదు.

మొదటి నెలలోనే మూడో తరగతి పిల్ల ఒకతి భాగహారం చెప్పాక లేచి, "నై సమఝే" అంది. అర్థం కాలేదని. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, గొంతు ఇంకా వణుకుతూ ఉండేది. పక్క గదిలో బడేగురూజీ ఉన్నాడు. ఆ పిల్ల నన్ను నలుగురిలో తక్కువ చేసినట్టు ఉక్రోషం వచ్చింది. అన్నం గంట కొట్టేదాకా నిలబెట్టాను. మళ్లీ చెప్పానా అంటే అదీ లేదు. మర్నాడు పాఠం అయ్యాక అందరికంటే గట్టిగా ఆ పిల్లే "సమఝ్ గయే" అంది. నాకు ఎంత సంతోషమో! ఇప్పుడు టీచర్నయ్యాను అనుకున్నాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇవాళ సిగ్గేస్తుంది.

పాఠం అడిగితే పాట

ఇంకొకటి. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన వాడిని "పాఠ్ సునావో" అన్నాను, అంటే పాఠం అప్పజెప్పమని. వాడు చేతులు కట్టుకుని నాట్లప్పుడు పాడుకునే పాట ఎత్తుకున్నాడు. రాగం తప్పకుండా మొత్తం పాడాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగాయె, వాడికి పాఠ్ అంటే పాటే. మేం టీచర్లమంతా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. తర్వాత ఎన్ని ట్రైనింగుల్లో ఈ ముచ్చట చెప్పి నవ్వించానో లెక్క లేదు.

వాడివైపు నుంచి ఆలోచించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మేడం పాడమంది, బాగా పాడాడు, అందరూ నవ్వారు. ఆ ఏడంతా వాడు మళ్లీ నోరు తెరవలేదు. మీరు ఎన్ని ట్రైనింగులకైనా వెళ్లండి, తరగతిలో పిల్లాడు చేసిన పని చెప్పి నవ్వించే టీచర్ మాటకి మాత్రం నవ్వకండి. నాతో సహా.

ఫోన్ బడి

కరోనా వచ్చి బళ్లు మూశారు. ఫోన్‌లో పాఠం చెప్పమన్నారు. నేను మా వంటింట్లో బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి, ఎదురుగా స్టూల్ మీద కూర్చుని చెప్పేదాన్ని. అవతల ముగ్గురు పిల్లలు ఉండేవాళ్లు, ఒక్కోసారి ఇద్దరు. మిగతా పిల్లల ఇళ్లలో ఫోన్ లేదు. ఉన్న ఇంట్లో అది తండ్రితో పాటు అడవికో పొలానికో పోయేది. ఆ ముగ్గురిలో ఒకడి ఫోన్ ఎప్పుడూ ఇంటి కప్పునే చూపించేది. పాఠం చివర నేను అలవాటుగా "సమఝ్ గయే?" అనేదాన్ని. కప్పు "సమఝ్ గయే, మేడమ్" అనేది.

దూరవిద్య గురించి పెద్దవాళ్లు ఏమేమో రాస్తారు. నాకు తెలిసింది ఇంతే. ఎదురుగా ఉన్న పిల్ల అబద్ధమాడితే కళ్లు పట్టిస్తాయి. చూడదలుచుకుంటే చూడొచ్చు. ఫోన్‌లో ఆ అవకాశం కూడా పోయింది. అప్పుడు నేను దానికి బాధపడ్డానని రాయాలని ఉంది కానీ, నిజం చెప్పాలంటే హాయిగా ఉండేది. ఆ పూటకి పని అయిపోయేది.

ఒక్కొక్కరికీ ఒక్కో దారి

బళ్లు తెరిచాక, నేను దిగిపోవడానికి రెండేళ్ల ముందు, మా మిడిల్ స్కూల్‌కి టాబ్లెట్లు వచ్చాయి. పలక అంత ఉండేవి. పాఠాలు ఎక్కడో తయారై వాటిలోకి దిగేవి. ఏ పిల్లకి ఎంత వచ్చో అదే కనిపెట్టి, ఆ పిల్లకి సరిపోయే పాఠం అదే ఇస్తుందట. వెనకబడ్డ వాళ్లకి కిందిది, ముందున్న వాళ్లకి పైది. ఒక్కొక్కరికీ ఒక్కో దారి. వినడానికి ఎంత బాగుందో. నలభై మందికి ఒకే పాఠం చెప్పి చెప్పి అరిగిపోయిన దాన్ని నేను. నిజంగానే ఆశపడ్డాను.

నేర్పడానికి రాయపూర్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మా బడి వరండాలో కింద కూర్చుని పిల్లలతో కలిసి అన్నం తింది. పాఠం వీడియో అయ్యాక తెర మీద "సమఝ్ ఆయా?" అని వస్తుంది. కింద రెండు బటన్లు. అర్థమైతే ఆకుపచ్చ, కాకపోతే ఎర్రది. ఎర్రది నొక్కితే పాఠం ఇంకా నెమ్మదిగా, వేరే బొమ్మలతో మళ్లీ మొదలవుతుంది. పచ్చది నొక్కితే నాలుగు ప్రశ్నలు, తర్వాత పై పాఠం.

వెళ్లేముందు ఆ అమ్మాయి నాతో, "మేడమ్, ఈ మెషీన్ పిల్లలు చెప్పింది నమ్ముతుంది. మీ పిల్లలకి అర్థం కాలేదు అని చెప్పడం వచ్చా?" అంది. నాకు చురుక్కుమంది. నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్ల నాకు చెప్పడమేమిటని. "మా పిల్లలు మంచివాళ్లమ్మా" అన్నాను. అదీ నేనిచ్చిన జవాబు.

వారం తిరక్కుండా పిల్లలు దాని గుట్టు పట్టేశారు. ఎర్రది నొక్కితే టాబ్లెట్ పైకి "ఓహో! ఫిర్ సే దేఖో!" అని మళ్లీ చూడమనేది. గదిలో అందరూ తలతిప్పి ఆ పిల్లని చూసేవాళ్లు. పచ్చది నొక్కితే చప్పట్లు. ప్రశ్నలకి తప్పు నొక్కినా ఇంకో అవకాశం ఇచ్చేది. ఒక్కో ప్రశ్న కింద ఇచ్చిన నాలుగు జవాబుల్లో మూడు తప్పని తేలితే మిగిలింది ఒప్పే కదా. పైగా ఎర్రరంగు అంటే వాళ్లకి నేను నోటుబుక్కులో కొట్టే ఇంటూ మార్కు. ఒక్కరూ దాని జోలికి పోలేదు. మా బడి మొత్తం పచ్చగా పరుగెత్తింది. బ్లాక్ ఆఫీసులో మా పై అధికారికి, మేమంతా సాహబ్ అనే ఆయనకి, ఆ పరుగు తన ఫోన్‌లో కనపడేది.

నాగమణి

ఏడో తరగతిలో యాలం నాగమణి అని ఒక పిల్ల. రోడ్డు దిగి లోపలికి నాలుగు కిలోమీటర్లు నడిస్తే వాళ్ల ఊరు. దోర్ల తెగ వాళ్లు. ఇంట్లో దోర్లీ, నాతో తెలుగు, పుస్తకంలో హిందీ. అతి నెమ్మది పిల్ల. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. వరండా ఊడ్వమంటే మూలల్లోకి వంగి ఊడుస్తుంది. రోజూ టాబ్లెట్ ముందు కూర్చోమన్నాను కాబట్టి ఒక్కరోజు మానకుండా కూర్చుంది, పాఠం వెంట పాఠం దాటింది. దీపావళి అయ్యేసరికి ఏడో తరగతి ముగించి ఎనిమిది మొదలుపెట్టింది. సాహబ్ ఫోన్ చేసి, బ్లాక్‌లో అందరికంటే ముందు మీ పిల్లే మేడమ్ అన్నాడు. నా సర్వీసులో ఆయన నన్ను మెచ్చుకున్న ఫోన్ అదొక్కటే.

చలికాలం మొదట్లో నాగమణి తండ్రి ముత్తయ్య బడికి వచ్చాడు. వాళ్లు ఏటా గోదావరి వైపు మిరప తోటలకి కూలికి పోతారు. కాయ కోత మొదలైతే ఎండలు ముదిరేదాకా అక్కడే గుడిసెలు వేసుకుని ఉంటారు.

"ఈ ఏడు మాయమ్మకు పానం బాగలేదు మేడం. కాయ ఏరనీకి మనిషి తక్కువైతాంది. నాగిని గూడ తీస్కపోదామనుకుంటన్న" అన్నాడు.

తోటకి పోయిన ఆడపిల్ల మళ్లీ బడికి రావడం నేను చాలా తక్కువగా చూశాను. అందుకే గట్టిగా పట్టుకున్నాను. "ముత్తన్నా, నీ బిడ్డ బ్లాక్ మొత్తంలో ముందుంది. బీజాపూర్‌లో హాస్టల్ బడిలో సీటిస్తారు. తిండీ బట్టా వాళ్లే చూస్తారు, పన్నెండు దాకా చదువుకుంటుంది. సంక్రాంతి ముందు జిల్లా నుంచి మేడమ్ వచ్చి పిల్లని చూసి రాసుకుంటుంది. అప్పటిదాకా ఆగు" అన్నాను.

"నా బిడ్డనా?" అన్నాడు. టాబ్లెట్ తెరిచి చూపించాను. నాగమణి పేరు, పక్కన నక్షత్రాలు. చదవడం రానివాడు, వేలితో ఆ నక్షత్రాలని తాకి చూశాడు. "మీరు జెప్పినంక ఇంగేముంది మేడం. మేమే జర ఎక్కువ పొద్దు ఏరుకుంటం" అని వెళ్లిపోయాడు.

అది జరిగిన పది రోజులకి. మధ్యాహ్నం పూట, నేను ఆఫీసు గదిలో సాహబ్‌తో ఫోన్‌లో ఉన్నాను. జిల్లా మేడమ్ వచ్చే రోజు ఖాయమైంది, ఆలోగా పిల్లని ఇంకో రెండు పాఠాలు దాటించండి అంటున్నాడు ఆయన. నాగమణి టాబ్లెట్ గుండెకి ఆనించుకుని గుమ్మంలో నిలబడింది. నేను ఫోన్ చెవి దగ్గర్నుంచి కాస్త తీసి, ఏమిటన్నట్టు చూశాను.

"మేడం, ఎర్ర బటన్ ఒత్తొచ్చా?" అంది.

ఆ మాట అడగడానికి ఆ పిల్ల ఎన్ని రోజులు కూడదీసుకుందో. నేనేమన్నాను? "ఎర్రది నీకెందుకే, నీకన్నీ వచ్చుగా? పో, పో" అన్నాను. నవ్వుతూనే అన్నాను. తల ఊపి వెళ్లిపోయింది. కిటికీలోంచి చప్పట్లు వినపడ్డాయి. పచ్చది నొక్కినట్టుంది.

జిల్లా మేడమ్ వచ్చిన రోజు

ఆవిడ మంచావిడే. అలా రాయకపోతే అన్యాయం. సాహబ్‌తో కలిసి జీపులో వచ్చింది, పిల్లలకి బిస్కెట్లు తెచ్చింది. నాగమణిని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. పిల్ల బెదరకుండా ముందొక చిన్న ప్రశ్న అడుగుదామనుకున్నట్టుంది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రెండు భిన్నాలు వేసింది. ఒకటి బై నాలుగు, ఒకటి బై రెండు. ఏది పెద్దది బేటా అని హిందీలో అడిగింది.

నాగమణి లేచి నిలబడింది. బోర్డు చూసింది, నన్ను చూసింది. చేతులు కట్టుకుని, "సమఝ్ గయే, మేడమ్" అంది.

పిల్లకి వినపడలేదనుకుని ఆవిడ మళ్లీ అడిగింది. "సమఝ్ గయే, మేడమ్." మూడోసారి ఆవిడ రెండు వేళ్లు చూపించి, ఇదా, అదా అంది. నాగమణి గొంతు సగానికి పడిపోయింది. మాట అదే. సాహబ్ వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల భయపడింది మేడమ్, అన్నీ వచ్చు అని ఏదో గొణిగాను. టాబ్లెట్ తెరిచి మిగతా పాఠాల్లోంచి తలా ఒకటి అడిగారు. ఏ ఒక్కటీ రాలేదు. ఎనిమిదో తరగతిలో ఉందని మెషీన్ చెప్పిన పిల్లకి నాలుగో తరగతి లెక్కల దగ్గరే అడుగు ఆగిపోయింది. ఆ పైవన్నీ వీడియోలు చూసి పచ్చది నొక్కడమే.

ఆవిడ నాగమణి తల నిమిరి, పర్వాలేదు బేటా అని లేచింది. గుమ్మం దగ్గర నాతో మెల్లిగా, "ఈ సీటు ఇంకో బడికి వెళ్తుంది, ఏమనుకోకండి" అంది. సాహబ్ నా మొహం కూడా చూడకుండా జీపెక్కాడు. వాళ్లు వెళ్లాక గదిలోకి వచ్చి చూస్తే నాగమణి ఇంకా నిలబడే ఉంది, ఎవరూ కూర్చోమనలేదని. నాకు ముప్పై ఏళ్ల కిందట భాగహారం అర్థం కాలేదన్న పిల్ల గుర్తొచ్చింది. అప్పుడూ అన్నం గంట దాకా అలాగే నిలబడింది. నేను కూర్చోమ్మా అన్నాను.

ముత్తయ్య చెప్పిన అర్థం

మర్నాడు ముత్తయ్య వాళ్ల ఊరు నడిచి వెళ్లాను. అప్పటికే మూటలు కట్టుకుంటున్నారు. నాగమణి ఇంటి వెనక ఉలవలు కొలిచి సంచిలో పోస్తోంది, దారిలో అమ్మి ఖర్చులకి ఉంచుకోవడానికి. నేను తప్పంతా నాదేనని చెప్పబోయాను. సీటు లేకపోయినా పిల్లని బడి మాన్పించొద్దు, నేనే కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్తాను అన్నాను.

ముత్తయ్యకి కోపం రాలేదు. వస్తే నాకు బాగుండేది. "నాగికి రాకపోతె రాలేదని చెప్పొద్దా మేడం? అదే అడిగిన రాత్రి" అన్నాడు. "మేడం సమజైందా అంటె కాలేదని ఎట్లంట నాయినా, అన్నది. అది గూడ నిజమే గద?"

నాకు తెలియక, "అదేంటి ముత్తన్నా?" అన్నాను.

"మేం ఇంట్ల పిల్లల్ని ఎప్పుడంటం ఆ మాట? వాగు కాడికి ఒక్కదానివి పోతె కాళ్లిరగ్గొడ్త, సమజైందా, అంటం. పొరగాళ్లు సమజైంది అనాలె. కాలేదంటె ఎదురు మాట్లాడినట్టు కాదా?"

అక్కడే, వాళ్ల పెంటి కోళ్ల మధ్య, నులక మంచం మీద కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్లకి పైగా రోజుకి పదిసార్లు అడిగిన మాట. పాఠం తెలిసిందా అని నేను అడిగాననుకున్నాను. చెప్పినట్టు వింటావా అని అడుగుతున్నానని వాళ్లకి వినపడింది. వింటాం మేడమ్ అని నలభై గొంతులు జవాబు చెప్పాయి. దారేటమ్మా అంటే వాగుకి పంపిన ముసలమ్మ తప్పు లేదు, నన్ను నేనే పంపుకున్నాను. ఆ టాబ్లెట్ చేసినవాళ్లకి ఇది తెలియదంటే అర్థముంది. వాళ్లు ఎక్కడో కూర్చుని చేశారు. నేను ఇక్కడే ఉన్నాను.

ఇంటి వెనక ఉన్న నాగమణిని పిలిచి, చేతిలోని కొలపాత్ర చూపించి, "ఇది మానికలో ఎంత?" అని తెలుగులో అడిగాను.

"సోల. నాలుగు సోలలకు మానిక" అంది, చూడకుండానే.

"సోల పెద్దదా, సగం మానిక పెద్దదా?"

"సగం మానికల రెండు సోలలు పడ్తయి గద, మేడం" అంది. ఇది కూడా తెలియదా అన్నట్టు నన్ను చూసింది.

జిల్లా మేడమ్ అడిగింది సరిగ్గా ఇదే. ఆ పిల్లకి ముందే వచ్చు. బోర్డు మీద గీతకి పైనా కిందా వేసిన అంకెలు ఈ సోల, ఈ మానికేనని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని నేనే. పచ్చ బటన్ మోగుతోంది కదా అని ఊరుకున్నాను.

ఆ మధ్యాహ్నమే వాళ్లు గోదావరి వైపు బస్సెక్కారు. ముత్తయ్య తల్లికి బాగాలేదు, మనిషి తక్కువే. నేను ఆపలేకపోయాను. ఏ మొహంతో ఆపను?

తర్వాత చేసింది

నాకు మిగిలిన ఆ ఏడాది నా తరగతిలో సమఝ్ గయే అన్న మాట మాన్పించాను. పాఠం అయ్యాక "చూపించు" అనేదాన్ని. రాళ్లతో, ఆకులతో, కొలపాత్రలతో చేసి చూపించమని. టాబ్లెట్ శబ్దం తీసేయించి, ఎర్రది నొక్కిన పిల్ల పక్కన నేనే వెళ్లి కూర్చునేదాన్ని. మొదటి రెండు నెలలు ఎవరూ నొక్కలేదు. పిల్లలు నేను ఏదో ఉచ్చు పన్నుతున్నాననుకున్నారు. తర్వాత ఒక పిల్ల నొక్కింది, నా వైపు చూస్తూ, దెబ్బ పడుతుందేమోనన్నట్టు. ఎండలు ముదిరేసరికి సగం మంది నొక్కేవాళ్లు. మా బడి పేరు బ్లాక్ పట్టికలో అడుక్కి వెళ్లింది. సాహబ్ ఫోన్ చేసి, మేడమ్, దిగిపోయే ముందు ఇదేంటి అన్నాడు. వాళ్లు చదువుకుంటున్నారు సర్ అన్నాను. ఆయనకి అర్థమైనట్టు లేదు.

కొత్తగా చేరే మీకు నేను చెప్పగలిగింది ఇదే. మెషీన్లు వస్తాయి, ఇంకా తెలివైనవి వస్తాయి, వద్దనకండి. నెమ్మది పిల్లకి ఒకే పాఠాన్ని పదిసార్లు విసుగు లేకుండా చెప్పే ఓపిక వాటికి ఉంది, నాకు లేదు. కానీ "నాకు రాలేదు" అనే మాట పిల్ల నోటికి మీరే నేర్పాలి. వాళ్ల ఇంట్లో ఆ మాటని ఏమంటారో, ఎప్పుడంటారో ముందు మీరు కనుక్కోవాలి. నాకు తెలియలేదు. ఎవరినీ అడగలేదు కూడా.

నేను దిగిపోయిన మూడు నెలలకి ఆ బడి ముందు నుంచి బస్సులో వెళ్లాను. "సమఝ్ గయే, మేడమ్!" అన్న కేక రోడ్డుదాకా వినపడింది.

మద్దేడ్ బజారులో

నాగమణి తిరిగి రాలేదు. తోట నుంచి వచ్చాక ఇంటి దగ్గరే ఉండిపోయిందనీ, మరుసటి ఏడూ కోతకి పోయిందనీ విన్నాను. వాళ్ల ఊరు రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఇంట్లో ఎవరూ లేరు, లేదా నన్ను చూసి లేరనిపించారు.

మొన్న మద్దేడ్‌లో వారపు బజారుకి వెళ్తే కనపడింది. పొడుగైంది. గోనెపట్టా మీద ఉలవలు కుప్పపోసుకుని, ముందు అదే సోల. వేళ్ల చివర్లు మిరప ఘాటుకి తోలు లేచి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమ్మా అన్నాను, ఈసారి వెంటనే.

ఉలవలు కొన్నాను. ఇక చెప్పకుండా ఉండలేకపోయాను. పక్కన చింతపండు అమ్మే ఆవిడ వింటోంది, విననీ అనుకున్నాను. "నాగమణీ, ఆ రోజు నువ్వు ఎర్ర బటన్ ఒత్తొచ్చా అని అడిగావు. ఒత్తమ్మా అని నేను అనాల్సింది. నీకు రాకపోవడం నీ తప్పు కాదు. తప్పంతా నాది. నీకు భిన్నాలు అప్పటికే వచ్చు, వాటిని గుర్తుపట్టేలా నేను చెప్పలేదు. ఇప్పుడైనా వస్తానంటే మా ఇంట్లోనే ఉండి చదువుకో, నేను చెప్తాను" అన్నాను. అరవై ఏళ్లు దాటిన మనిషిని, బజారులో నిలబడి ఏడ్చాను.

నాగమణి తల వంచుకుని మొత్తం విన్నది. సోల మీద కుప్పగా పోసి, పైన ఇంకో గుప్పెడు వేసి, నా సంచిలో వంచింది. చేతులు కట్టుకుంది.

"సమజైంది, మేడం" అంది.

మళ్లీ అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. సంచి పట్టుకుని బస్సు దగ్గరికి నడిచాను.